మా ఇంటి రక్తంలో సీసం

తిరుపతిలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ పూర్తి చేసిన ఏడాదే నాకు ఒక పరిశోధన ప్రాజెక్టులో పని దొరికింది. మనుషుల రక్తంలో సీసం ఎంత ఉందో కొలవడం ఆ ప్రాజెక్టు. పెయింటర్లు, బ్యాటరీలు బాగుచేసేవాళ్లు, పాత ఇనుము దుకాణాల్లో పనిచేసేవాళ్లు, ఇలా సీసంతో రోజూ పనిపడే వాళ్ల దగ్గరికి వెళ్లి రక్తం తీసుకొచ్చేవాళ్లం. ప్రాజెక్టు నడిపే ప్రొఫెసర్ ఒక మేడం. యాభై దాటిన మనిషి. తక్కువ మాట్లాడేవారు. కానీ ఒక పని ఎందుకు చేస్తున్నామో చెప్పకుండా ఎవరిచేతా చేయించేవారు కాదు.

మేం కొలిచేది చాలా కొంచెం. చిన్నపిల్లల్లో ఎవరికైనా ఒక చిన్న టీ గ్లాసు, అంటే వంద మిల్లీలీటర్ల రక్తంలో అయిదు మైక్రోగ్రాముల సీసం ఉంటే, ఆ బిడ్డకి అది ఎక్కడినుంచి వస్తోందో వెతకమని వైద్యశాస్త్రం చెబుతుంది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షో వంతు. కంటికి కనబడేది కాదు, త్రాసుకు అందేది కాదు. దాన్ని పట్టుకోవడానికి మా దగ్గర ఒక మిషన్ ఉండేది. చిటికెన వేలి కణుపంత నల్లటి గ్రాఫైటు గొట్టం, అందులోకి నీళ్లు కలిపి పలచన చేసిన రక్తం చుక్క. మిషన్ ఆ చుక్కని మొదట ఆరబెడుతుంది, తర్వాత మాడ్చి బూడిద చేస్తుంది, ఆ తర్వాత ఒక్కసారిగా గొట్టం తెల్లగా మండిపోయేంత వేడి పెడుతుంది. అప్పుడు సీసం ఆవిరై లేస్తుంది. దాని గుండా ఒక ప్రత్యేకమైన దీపపు వెలుతురు పంపుతారు. ఆ వెలుతురులో ఎంత తగ్గిందో చూస్తే రక్తంలో సీసం ఎంతుందో తెలుస్తుంది. ఒక్కో మనిషికి రెండు మూడు నిమిషాలు పట్టేది.

ఇంత కొంచెం కొలిచేచోట దుమ్ముతోనే పెద్ద గొడవ. గాలిలో ఉన్న దుమ్ములో సీసం ఉంటుంది, గోడ రంగులో ఉంటుంది, మన చేతి మీద ఉంటుంది. అందుకే ఆ గదిలోకి చెప్పులతో ఎవరూ వచ్చేవాళ్లు కాదు. రక్తం పట్టే గొట్టాలు, గాజు సీసాలు అన్నీ ఒక రోజంతా యాసిడ్‌లో నానబెట్టి, శుద్ధి చేసిన నీళ్లతో కడిగి, మూతపెట్టి ఉంచేవాళ్లం. రక్తం తీసేముందు ఆ మనిషి చేతిని సబ్బుతో రెండుసార్లు కడిగించేవాళ్లం. లెక్క ఎక్కువ వస్తే, "ఇది రక్తంలోదా, బయటిదా?" అని ముందు మనల్ని మనం అనుమానించుకోవాలని మేడం నేర్పారు.

నేను చేరిన నాలుగో నెలలో, పోలిక కోసం సీసంతో సంబంధం లేనివాళ్ల రక్తం కావలసి వచ్చింది. బయట ఎవరినో వెతకడం ఎందుకని మేడం ముందు తనే చెయ్యి చాపారు. తర్వాత ఆఫీసు గుమాస్తా, ఇద్దరు విద్యార్థులు, ఆఖర్న నేను. మధ్యాహ్నానికల్లా అందరివీ వచ్చేశాయి. మేడంకి మూడు. గుమాస్తాకి నాలుగు. విద్యార్థులకి రెండు, మూడు. నాకు ఇరవై ఒకటి.

"చెయ్యి సరిగ్గా కడుక్కున్నావా?" అన్నారు మేడం.

కడుక్కున్నానన్నాను. అయినా నా మీద నాకే నమ్మకం లేదు. మర్నాడు తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకొని, మోచేతి దాకా సబ్బుతో కడుక్కొని మళ్లీ రక్తం ఇచ్చాను. ఇరవై. మూడోసారి మేడం కొత్త పెట్టెలోంచి కొత్త గొట్టం తీసి, తనే సూది గుచ్చి, తనే మిషన్ దగ్గర కూర్చున్నారు. ఇరవై ఒకటి. ఆమె కాగితం పక్కన పెట్టి నా వైపు తిరిగారు.

"మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?"

"బ్యాటరీ షాపు మేడం," అన్నాను. అని, నా నోటినుంచి వచ్చిన మాట నేనే విన్నాను.

నాలుగు నెలలుగా నేను ఫారాల మీద 'బ్యాటరీ పనివాడు' అని రాస్తున్నాను. ఆ పనివాళ్ల ఇళ్లకు వెళ్లాను, వాళ్ల పిల్లల చేతులు పట్టుకొని రక్తం తీశాను. ఒక్కసారి కూడా మా నాయన గుర్తు రాలేదు. నాకు ఆయన చేసేది నాయన పని, అంతే. మా ఇంట్లో అన్నం ఎలా ఉడికేదో ఆ పని కూడా అలాగే జరిగేది.

మాది సత్యవేడు. నాకు పన్నెండేళ్లు వచ్చేదాకా మేము బజారుకి దూరంగా ఇంకో వీధిలో ఉండేవాళ్లం. తర్వాత నాయన రోడ్డు పక్కన షాపు, వెనక ఇల్లు ఉన్న చోటు అద్దెకు తీసుకున్నాడు. రెంటికీ మధ్య ఒక రేకుల షెడ్డు. అందులో పాత ట్రాక్టరు బ్యాటరీలు, లారీ బ్యాటరీలు పగలగొట్టి ప్లేట్లు లాగేవాడు. బూడిదరంగు పొడి రాలేది. పనికిరాని సీసాన్ని ఇనప బాండ్లీలో కరిగించి కొత్త ముక్కలు పోసేవాడు. ఆ పొడి కిటికీ గట్ల మీద, మంచాల కింద, మేము ఆరవేసిన బట్టల మీద ఉండేది. మా అమ్మ రోజూ ఊడ్చేది. చీపురుతో ఊడిస్తే అది లేచి మళ్లీ వాలేది. నాయన బట్టలు మా బట్టలతో కలిపి ఒకే బకెట్‌లో నానబెట్టేది.

నేను పదో తరగతి అయ్యాక చదువుకి తిరుపతి హాస్టల్‌కి వచ్చేశాను. సెలవులకీ, పండగలకీ మాత్రమే ఇంటికి. మా చెల్లెలు నాకంటే పద్నాలుగేళ్లు చిన్నది. మధ్యలో అమ్మకి రెండు కాన్పులు నిలవలేదు. చెల్లెలు పుట్టిందీ, పాకిందీ, నడక నేర్చిందీ ఆ షెడ్డు పక్కనే. నాయనకి అది అంటే ప్రాణం. కరిగిన సీసం కొంచెం మిగిలితే మట్టిలో గుంట చేసి పోసి, చిలక బొమ్మో చేప బొమ్మో చేసి ఇచ్చేవాడు. అది ఆ బొమ్మని నోట్లో పెట్టుకొని చప్పరిస్తూ వాకిట్లో తిరిగేది.

దానికి నాలుగేళ్లప్పుడు రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. పిల్లలకి జ్వరంలో అలా వస్తుందని ఎవరో డాక్టరు చెప్పాడు. తర్వాత రాలేదు కాబట్టి మర్చిపోయాం. బడిలో వేశాక మాత్రం దానికి ఏదీ నిలిచేది కాదు. పొద్దున నేర్పిన అక్షరం సాయంత్రానికి ఉండేది కాదు. తరచూ కడుపునొప్పి అనేది. బడి ఎగ్గొట్టడానికి అంటోందని అమ్మ అనేది. తిరుమల వెళ్లి గుండు చేయించారు. ఏమీ మారలేదు. నాయన కోపిష్టి కాదు, కానీ చదువు విషయంలో చెయ్యి చేసుకునేవాడు. నేను ఇంటికి వెళ్లినప్పుడల్లా దాన్ని కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పేదాన్ని. రెండో ఎక్కం దాకా వచ్చి ఆగిపోయేది. ఒక వేసవిలో, 'కావాలనే చేస్తున్నావు కదూ' అని స్కేలుతో అరచేతుల మీద కొట్టాను. చాలా గట్టిగా కొట్టాను.

మిషన్ ముందు నిలబడి ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తుకొచ్చాయి. మేడం నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "ఆదివారం వెళ్లి మీ ఇంట్లో అందరి రక్తం తీసుకురా," అన్నారు. "హాస్టల్‌లో ఉండి కూడా నీలో ఇంత ఉందంటే, అది ఎముకల్లో ఉండిపోయింది. సీసం ఎముకల్లో చేరి కూర్చుంటుంది. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా బయటికొస్తుంది."

ఆ ఆదివారం బస్సులో గొట్టాల పెట్టె ఒళ్లో పెట్టుకొని సత్యవేడు వెళ్లాను. నాయనకి విషయం పూర్తిగా చెప్పలేదు. కాలేజీలో పరీక్షకి కావాలన్నాను.

"ముప్పై ఏండ్లుగా ఈ పనే సేస్తాండా. నాకేమయింది సూడు, గుండ్రాయి మాదిరి ఉండా," అని నవ్వాడు. నవ్వినప్పుడు ఆయన చిగుళ్ల అంచున పళ్లను ఆనుకొని నీలం గీత కనబడింది. ఒంట్లో సీసం పేరుకుందనడానికి గుర్తుగా నా పాఠ్యపుస్తకంలో అదే గీత బొమ్మ ఉంది. చిన్నప్పటినుంచి చూస్తున్న నాయన నోరు అది.

చెల్లెలికి సబ్బుతో చేతులు కడిగించడం ఆటలా ఉంది. మూడుసార్లు కడుక్కుంది. నాయన దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకొని చెయ్యి కదలకుండా పట్టుకున్నాడు. సూది గుచ్చితే ఏడవలేదు. రక్తం గొట్టంలోకి ఎక్కడం కళ్లు పెద్దవి చేసుకొని చూసి, "ఇంకోటి తీస్తావా అక్కా?" అని రెండో చెయ్యి చాపింది.

సోమవారం పొద్దున మొదట నాయనది పెట్టాను. అరవై ఎనిమిది. అమ్మకి ముప్పై మూడు. చెల్లెలిది ఆఖర్న పెట్టాను. యాభై నాలుగు వచ్చింది. మిషన్‌లోని గొట్టం మార్చి మళ్లీ పెట్టాను. యాభై నాలుగు. సీసం లేని నీళ్లు పెట్టి మిషన్‌ని పరీక్షించాను. సున్నాకి దగ్గరగా చూపించింది. మిషన్ తప్పు కాదు. నాలుగు నెలలుగా దుమ్ముని శత్రువులా చూసినదాన్ని, ఆ ఒక్క రోజు మాత్రం ఇది నా చేతి దుమ్మే అయితే బాగుండునని కోరుకున్నాను. మూడోసారి యాభై అయిదు వచ్చింది.

పిల్లల్లో నలభై అయిదు దాటితే మందు పెట్టాలి. అంతకంటే ముందు, ఆ సీసం ఉన్న చోటునుంచి బిడ్డని తీసెయ్యాలి. మేడం నా చేతిలోని కాగితం తీసుకొని చదివి, "ఇవాళ ఇక్కడ పని వద్దు. ఇంటికి పో," అన్నారు.

నేను చేరేసరికి మధ్యాహ్నం మూడు. నాయన షాపు ముందు స్టూలు మీద కూర్చొని టీ తాగుతున్నాడు. సోమవారం నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఏమ్మా, పనిలోంచి తీసేసినారా?"

"లేదు నాయనా. లోపలికి రా, చెప్పాలి."

అమ్మనీ పిలిచి ఇద్దరినీ మంచం మీద కూర్చోబెట్టి చెప్పాను. సీసం పొడి నోట్లోంచి, ముక్కులోంచి ఒంట్లోకి పోతుందని, పెద్దవాళ్లకంటే చిన్నపిల్లలకి ఎక్కువ ఎక్కుతుందని, అది మెదడు మీద పనిచేస్తుందని చెప్పాను. ఎంత తేలికైన మాటల్లో చెప్పాలో దారిపొడవునా అనుకుంటూ వచ్చాను. కానీ నాయన సగంలోనే అర్థం చేసుకున్నాడు.

"పాపకి సదువు రానిది దీనివల్లనా?"

"అయి ఉండొచ్చు నాయనా."

"ఆ ఫిట్సూ?"

నేను తలూపాను.

"నావల్లనే, అంటావు."

"నీవల్ల కాదు. సీసం వల్ల."

"సీసాన్ని ఇంట్లోకి తెచ్చినది ఎవురమ్మా?" అన్నాడు. గొంతు పెంచలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయనే మళ్లీ, "కొట్టినాను గదా దాన్ని. సదవలేదని కొట్టినాను. ఎన్నిసార్లు కొట్టినానో," అన్నాడు. తన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకొని కూర్చున్నాడు.

నేను కూడా కొట్టానని అప్పుడు చెప్పవలసింది. చెప్పలేదు. ఆ తప్పంతా ఆయన ఒక్కడే మోస్తుంటే ఎదురుగా కూర్చొని చూశాను.

మర్నాడు నాయన షాపు తీయలేదు. మిగిలిన సీసాన్ని, ప్లేట్లని సీసం కరిగించే లైసెన్సు ఉన్న ఫ్యాక్టరీకి పంపేశాడు. తమిళనాడునుంచి ఒకాయన పనిముట్లన్నీ కొంటానని వచ్చాడు. "మీకు ఇంట్లో పిల్లోళ్లు ఉండారా?" అని అడిగాడు నాయన. ఉన్నారని ఆయన అనగానే, "అయితే ఇయ్యను," అని పంపించేశాడు. షెడ్డు నేల మీది మట్టిని జానెడు లోతు తడిపి తవ్వి, సంచుల్లో కట్టి, అదే ఫ్యాక్టరీవాళ్లకి అప్పగించాడు. నెల తిరిగేసరికి మేమందరం తిరుపతిలో ఒక చిన్న అద్దె ఇంట్లో ఉన్నాం. ముప్పై ఏళ్లు తన షాపులో తానే యజమానిగా బతికిన మనిషి ఒక లాడ్జిలో వాచ్‌మన్‌గా చేరాడు.

చెల్లెలి మందు చెన్నైనుంచి తెప్పించాం. ఆ క్యాప్సూళ్ల డబ్బా మూత తీస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చేది. మింగడం దానికి రాదు. అమ్మ క్యాప్సూల్ విప్పి లోపలి పొడిని అరటిపండు గుజ్జులో కలిపి పెట్టేది. అది రెండు ముద్దలు తిని, మూడోది కక్కేది. నాయన డ్యూటీనుంచి వచ్చి, దాని ముందు బాసింపట్టు వేసుకొని కూర్చొని, "నువ్వొక ముద్ద, నేనొక ముద్ద," అని తాను ఉత్త అరటిపండు తింటూ తినిపించేవాడు. పందొమ్మిది రోజులు అలా నడిచింది. మందు అయ్యాక రక్తం తీస్తే పదిహేడు. నాయన లడ్లు తెచ్చి ఇంటి చుట్టుపక్కల అందరికీ పంచాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

మూడు వారాలకి మళ్లీ తీశాను. ముప్పై రెండు.

"మందు పని సేయలేదా?" అన్నాడు నాయన.

"చేసింది. రక్తంలోది తీసేసింది. ఎముకల్లోంచి మళ్లీ వస్తాండాది."

"ఎముకల్లో ఇంకా ఎంత ఉండాది?"

ఎముకల్లోది కొలిచే మిషన్ మా దగ్గర లేదు. "తెలీదు," అన్నాను.

మొత్తం మూడు విడతలు మందు వాడాం. రెండేళ్లకి లెక్క పద్నాలుగుకి వచ్చి ఆగింది. ప్రతిసారీ రక్తం నేనే తీసేదాన్ని, నేనే మిషన్‌లో పెట్టేదాన్ని. ఫలితం రాగానే నాయనకి ఫోన్ చేసేదాన్ని. లాడ్జి గేటు దగ్గర ఆయన ఫోన్ చెవికి ఆనించుకొని ముందు అంకె వినేవాడు, ఆ తర్వాతే నేను తిన్నానా లేదా అని అడిగేవాడు.

లెక్క దిగుతోంది గానీ బడిలో ఏ మార్పూ లేదు. ఒకరోజు నాయనా నేనూ దాన్ని పిల్లల మెదడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన దానిచేత బొమ్మలు గీయించారు, రంగులు చెప్పించారు, పూసలు లెక్కపెట్టించారు. అది పది దాకా సరిగ్గా చెప్పి, తర్వాత నవ్వి ఊరుకుంది.

"రక్తంలోంచి పోతే బుర్రలోంచి కూడా పోతాది గదా సార్?" అని అడిగాడు నాయన.

డాక్టరు పూసలు ఏరి పక్కన పెట్టారు. "సీసం పోతుంది. అది చేసిన నష్టం పోదు," అన్నారు. "ఇంకా ఎక్కువ కాకుండా మీరు ఆపగలిగారు. నేర్పితే కొన్ని పనులు నేర్చుకుంటుంది. అందరు పిల్లల్లా మాత్రం కాదు. మీకు అబద్ధం చెప్పలేను."

నాయన రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. బయటికి వచ్చాక పదకొండేళ్ల పిల్లని, దాని కాళ్లు ఆయన మోకాళ్ల దాకా వేలాడుతుంటే, చంకనెత్తుకొని బస్టాండు దాకా నడిచాడు. ఆటో ఎక్కుదామని నేను అంటే, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. అది ఆయన భుజం మీద తల పెట్టుకొని దారిలో కనబడిన బస్సులన్నిటికీ చెయ్యి ఊపింది.

ఆ రాత్రి కాదు, ఆ వారంలో ఒక సాయంత్రం, నేను చెల్లెలికి జడ వేస్తూ అడిగాను. "నిన్ను స్కేలుతో కొట్టినా కదా, గుర్తుందా? ఎక్కాలు చెప్పేటప్పుడు."

"ఎప్పుడక్కా?"

"సత్యవేడులో. వేసవి సెలవుల్లో."

అది బాగా ఆలోచించింది. ఆలోచించేటప్పుడు దాని కనుబొమలు దగ్గరికొస్తాయి. "లేదక్కా. నువ్వు కొట్టలేదు," అంది. క్షమించమని అడగడానికి మాటలు సిద్ధం చేసుకొని కూర్చున్నాను. అడిగే చోటే లేకుండా పోయింది.

ప్రాజెక్టు అయిపోయాక నేను అలాంటి మిషనే ఉన్న ఒక ఆస్పత్రి లేబొరేటరీలో చేరాను. నాయన కాళ్లు వాయడం మొదలైంది ఆ తర్వాతే. బీపీ ఎక్కువగా ఉండేది. ఆయన రక్తం నా ముందుకే వచ్చింది. ఈసారి సీసం కోసం కాదు, కిడ్నీల కోసం. లెక్క చూసి రెండోసారి పెట్టనక్కర్లేదనిపించింది. అన్నేళ్లు ఆ ఆవిరి పీల్చిన మనిషి కిడ్నీలు అలా అవుతాయని చదివి ఉన్నాను. తనకి కూడా మందు వాడమని మొదట్లో నేను ఎంత చెప్పినా, "ముందు సిన్నపాపది తగ్గనీ," అంటూ దాటేశాడు. పనిలోంచి బయటికొచ్చాడు కదా, దానంతట అదే తగ్గుతుందిలే అని నేనూ గట్టిగా పట్టుపట్టలేదు.

రెండేళ్లు వారానికి మూడు రోజులు డయాలిసిస్ నడిచింది. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. చెల్లెలు తోడుగా వెళ్లేది. ఆ పని మాత్రం దానికి చక్కగా వచ్చు. ఆయన మంచం పక్కన కూర్చొని, కాళ్లకి దుప్పటి కప్పి, తిమ్మిరి ఎక్కితే పిక్కలు నొక్కేది. అక్కడి నర్సులందరికీ అది తెలుసు. పక్క మంచం పెద్దాయన కూడా తన కాళ్లు నొక్కమని అడిగితే ఆయనవీ నొక్కేది.

ఆఖరి వారాల్లో నాయన మాట తగ్గిపోయింది. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ నేను ఆయన దగ్గరికి వెళితే, కళ్లు తెరిచి, "సిన్నపాపది ఇప్పుడు ఎంత?" అన్నాడు.

"పది నాయనా."

"ఒంటి అంకె సూడల్లని ఉండాది."

"చూస్తావు. వచ్చే నెల తీస్తాను."

ఆ నెలలోనే పోయాడు. ఆయన పోయిన మూడు వారాలకి చెల్లెలి రక్తం తీశాను. తొమ్మిది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది, చెప్పడానికి ఎవరూ లేరని. అమ్మకి చెబుదామని ఇంటికి వెళితే, అమ్మ ఆ అంకె విని, "మంచిదే," అని స్టవ్ వైపు తిరిగింది. ఆమె భుజాలు కదలడం చూసి నేను బయటికి వచ్చేశాను.

ఆ మరుసటి ఏడాది నాకు పెళ్లయింది. మా ఆయన ఒక జూనియర్ కాలేజీలో లెక్చరర్. పెళ్లికి ముందే అంతా చెప్పాను. గర్భం నిలిచినప్పుడు మొదట ఫోన్ చేసింది మేడంకి. అప్పటికి ఆమె రిటైరయ్యారు. బిడ్డకి కావలసిన కాల్షియం కోసం తల్లి ఎముకలు కొంచెం కొంచెంగా కరుగుతాయని, కరిగేటప్పుడు అందులో దాగిన సీసం కూడా బయటికొస్తుందని, అది మాయ దాటి బిడ్డ దాకా వెళుతుందని నాకు ముందే తెలుసు. తెలిసినదాన్నే ఆమె నోట మళ్లీ వినాలనిపించింది. "కాల్షియం మానొద్దు. పాలు తాగు, రాగులు తిను. నెలనెలా చూపించుకో," అన్నారు. "నీ రక్తం నువ్వు పెట్టుకోవద్దు. వేరే ఎవరిచేతైనా చేయించు."

మొదటి నెల నాది నాలుగు. అయిదో నెలలో ఆరు. నా రక్తాన్ని పక్క టేబులు ఆమెకి ఇచ్చి, ఫలితం వచ్చేదాకా మెట్ల మీద కూర్చునేదాన్ని. మా ఆయన కాలేజీనుంచి వచ్చి పక్కన కూర్చునేవాడు. కడుపులో బిడ్డ తన్నినప్పుడు అందరు తల్లుల్లా సంతోషించలేకపోయాను. తన్నినప్పుడల్లా ఎముకలు గుర్తొచ్చేవి. తొమ్మిదో నెలలో అయిదుకి దిగింది.

ఆడపిల్ల పుట్టింది. బొడ్డు కోసేటప్పుడు ఆ పేగులోంచి రక్తం తీసి ఉంచమని ముందే చెప్పి పెట్టాను. మూడోరోజు మా సహోద్యోగి ఆస్పత్రి గదికి వచ్చి, కాగితం ఇవ్వకుండా నోటితోనే చెప్పింది. "నాలుగు."

అయిదు లోపలే. నలుగురూ బాగుందన్నారు. నేనూ బాగుందన్నాను. కానీ సీసానికి ఇంతవరకు పరవాలేదు అనే గీత ఏదీ లేదని ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు. నాయన కరిగించింది, నేను పీల్చింది, కొంచెమే అయినా నా బిడ్డదాకా వచ్చింది. అటు తిరిగి పడుకొని ఏడ్చాను. బాలింత ఏడవకూడదని అమ్మ నా తల నిమిరింది.

చెల్లెలు అప్పటికి పద్దెనిమిది దాటింది. బిడ్డని ఎత్తుకోవడానికి సబ్బుతో చేతులు కడుక్కొని వచ్చి, నా మంచం అంచున కూర్చుంది. మెడ కింద చెయ్యి ఎలా పెట్టాలో అమ్మ ఒకసారి చూపిస్తే అలాగే పెట్టుకుంది. చాలాసేపు బిడ్డ ముఖం చూసింది.

"అక్కా, పాప కూడా నా మాదిరే అవుతాదా?"

ఆ మాట ఎవరూ దానికి ఎప్పుడూ చెప్పలేదు. తన గురించి తనకి ఇంత తెలుసని నాకు తెలియదు.

"కాదులే," అన్నాను. "పాపకి తక్కువుండాది."

"ఎంత?"

"నాలుగు."

"నాకు?"

"నీకు అప్పుడు యాభై నాలుగు."

దాని కనుబొమలు దగ్గరికొచ్చాయి. పెదాలు కదిలాయి. యాభై నాలుగు, నాలుగు అని రెండుమూడుసార్లు అనుకుంది. ఎంత ప్రయత్నించినా తేల్చుకోలేక నా వైపు చూసింది.

"రెండిట్లోనూ నాలుగుండాది. ఏది ఎక్కువక్కా?"

"నీదే ఎక్కువ."

"చానా ఎక్కువనా?"

"చానా ఎక్కువ."

"అయితే మంచిదే," అంది చెల్లెలు. బిడ్డని గుండెకి ఇంకొంచెం దగ్గరగా పట్టుకుంది.